గణితం చేసిన జడ్జి గారు – పియరీ డి ఫెర్మా

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. మహానాయకుల జీవితాల గురించి మీలో చాలామంది ఎలాగూ రాస్తారు, నాకంటే బాగా రాస్తారు. నేను లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి. అందుకని ఒక లెక్కల మనిషి గురించి రాస్తున్నాను. ఎంపీసీ కానివాళ్ళు పేజీ తిప్పేయకండి. ఇందులో తగాదాలు కూడా ఉన్నాయి.

ముందు నా సంగతి రెండు ముక్కలు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నాను. మొదటి సంవత్సరంలో అవధులు, అవకలజాలు మొదలయ్యాయి. బోర్డు మీద హెచ్ అనే చిన్న సంఖ్య వేశారు. దానితో భాగించారు. సున్నాతో భాగించకూడదని ఆరో తరగతి నుంచీ చెబుతున్నారు కదా, కాబట్టి హెచ్ సున్నా కాదు. సరే. కానీ కింది లైనులోకి వచ్చేసరికి హెచ్ స్థానంలో సున్నా వేసేశారు! పై లైనులో సున్నా కానిది కింది లైనులో సున్నా ఎలా అయిందండీ అని లేచి అడిగాను. క్లాసు మొత్తం నవ్వింది. అలాగే రాయాలి, మార్కులు వస్తాయి, కూర్చో అన్నారు సారు. కూర్చున్నాను. ఆ ఏడాదిలో మళ్ళీ లేచి ఏ డౌటూ అడగలేదు. హాస్టల్ నుంచి వచ్చినవాణ్ణి, నాకు బుర్ర తక్కువ, అందుకే అర్థం కావడం లేదని చాలాకాలం నమ్మాను.

ఆ హెచ్‌కు మూలపురుషుల్లో ఒకడు ఫెర్మా. మన పుస్తకాల్లో కొన్నిచోట్ల ఫెర్మాట్ అని అచ్చువేస్తారు. ఫ్రెంచి వాళ్ళు చివరి ట కారం పలకరు.

ఫెర్మా దక్షిణ ఫ్రాన్సులోని బోమాన్ డి లొమాన్య్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. పాత పుస్తకాల్లో పుట్టిన సంవత్సరం 1601 అని ఉంటుంది. అదే పేరుతో చిన్నప్పుడే చనిపోయిన అన్న ఒకడు ఉన్నాడనీ, 1601 అతనిదనీ, మన ఫెర్మా 1607లో పుట్టి ఉంటాడనీ ఇప్పటి పరిశోధకులు చాలామంది అంటున్నారు. తండ్రి తోలు వ్యాపారి. తోలు అనగానే మనవాడే అనుకోకండి. ఆయన తోలు పని చేసినవాడు కాదు, తోలు అమ్మి బాగా సంపాదించిన ధనవంతుడు. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు అందరినీ పేదలుగా పుట్టించడం మనకొక అలవాటు. ఫెర్మాకు తిండికీ పుస్తకాలకూ ఏనాడూ లోటు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

ఓర్లియాన్‌లో లా చదివాడు. కొంతకాలం బోర్డోలో ఉన్నాడు. తులూజ్ నగరంలోని పార్లమెంటులో పదవి కొనుక్కుని 1631లో అందులో చేరాడు. అప్పటి ఫ్రాన్సులో పార్లమెంటు అంటే చట్టసభ కాదు, మన హైకోర్టు లాంటి పెద్ద న్యాయస్థానం. పదవులు డబ్బిచ్చి కొనుక్కోవడం అక్కడ చట్టబద్ధమే. అదే ఏడాది లూయీజ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. పదవితోపాటు పేరు మధ్యలో పెద్దింటి గుర్తుగా 'డి' చేర్చుకునే హక్కూ వచ్చింది. ఇక చనిపోయేదాకా ఆయన ఉద్యోగం కేసులు వినడం, తీర్పులు రాయడం. గణితం ఆయన చేసింది తీరిక వేళల్లోనే. ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు. తన పేరుతో ఒక్క గణిత గ్రంథం కూడా అచ్చువేయించలేదు. ఉత్తరాలు రాసేవాడు, అంతే. లెక్క సాధించి, జవాబు మాత్రం రాసి, ఎలా వచ్చిందో చెప్పకుండా మీరూ చేసి చూడండని అవతలివాళ్ళకు పంపేవాడు. పారిస్ పండితులకు ఈ పద్ధతి మహా చిరాకు తెప్పించేది. వాళ్ళ కోపం న్యాయమేనని నాకనిపిస్తుంది.

బోర్డోలో ఉండగా, 1629 ప్రాంతంలో, ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. అది మొదట స్పర్శరేఖల కోసం కాదు, గరిష్ఠ కనిష్ఠాల కోసం. 40 మీటర్ల కంచెతో దీర్ఘచతురస్రాకారపు దొడ్డి కట్టాలి, ఎక్కువ చోటు రావాలంటే కొలతలెంత? పొడవు, వెడల్పు కలిపితే 20. ఒకటి 6 అయితే రెండోది 14, వైశాల్యం 84. 8, 12 అయితే 96. 9, 11 అయితే 99. 10, 10 అయితే 100. ఇక్కడిదాకా ఎనిమిదో తరగతి పిల్లవాడైనా చేస్తాడు. ఫెర్మా చూసింది ఇంకొకటి. 6 దగ్గర భుజాన్ని కాస్త కదిపి 6.1 చేయండి. రెండోది 13.9, వైశాల్యం 84.79. అంటే 0.79 పెరిగింది. ఇప్పుడు 10 దగ్గర అంతే కదపండి. 10.1ని 9.9తో గుణిస్తే 99.99. తేడా 0.01 మాత్రమే. శిఖరం దగ్గర కొద్దిగా కదిలినా విలువ దాదాపు కదలదు. కొండెక్కే దారిలో అడుగడుక్కీ ఎత్తు మారుతుంది కానీ, కొన మీద నిలబడ్డాక ఒక అడుగు అటైనా ఇటైనా ఒకటే, అలాంటిది.

దీన్నే ఆయన బీజగణితంగా మార్చాడు. భుజం 'అ' అనుకుందాం. వైశాల్యం అ × (20 − అ). ఇప్పుడు అ బదులు అ + ఇ వేయండి. ఇ అంటే ఆ చిన్న కదలిక, మన పుస్తకంలో హెచ్ అదే. పాత విలువనూ కొత్త విలువనూ సమానం అన్నట్టుగా పెట్టి, రెండు వైపులా ఉన్నవి కొట్టేస్తే 20ఇ − 2అఇ − ఇ² మిగులుతుంది. ఇ తో భాగిస్తే 20 − 2అ − ఇ. ఇక ఇ ని తీసిపారేస్తే 20 = 2అ, అంటే అ = 10. నిజంగా సమానం కావని ఆయనకు తెలుసు. అందుకే సమానం అనకుండా, గ్రీకు గణితజ్ఞుడు డయోఫాంటస్ పుస్తకం నుంచి రమారమి సమానం చేయడం అనే అర్థం వచ్చే మాట ఒకటి అరువు తెచ్చుకున్నాడు.

ఇదే ఉపాయాన్ని ఆయన స్పర్శరేఖలకు వాడాడు. అసలు కథ ఇక్కడుంది.

స్పర్శరేఖ అంటే ఏమిటి? వక్రాన్ని ఒకే ఒక్క బిందువు దగ్గర తాకే రేఖ అని మనమంతా వల్లెవేశాం. యూక్లిడ్ కాలం నుంచి వృత్తానికి ఆ మాట సరిపోయింది. వృత్తం దాటితే సరిపోదు. ఒక సంఖ్యకు దాని ఘనాన్ని ఎత్తుగా వేసి గీసిన వక్రం తీసుకోండి. 1 దగ్గర దానికి స్పర్శరేఖ గీసి రెండు వైపులా పొడిగిస్తే, అది పోయి −2 దగ్గర వక్రాన్ని మళ్ళీ కోస్తుంది. అయినా 1 దగ్గర అది స్పర్శరేఖే. ఇంకోవైపు, పరావలయాన్ని దాని అక్షానికి సమాంతరంగా ఉన్న గీత ఒకే ఒక్క చోట కలుస్తుంది. అది స్పర్శరేఖ కాదు, నిలువునా కోసుకుపోతోంది! కాబట్టి ఎన్నిచోట్ల కలిసిందన్నది లెక్క కాదు. ఆ ఒక్క చోట ఎలా కలిసిందన్నదే లెక్క.

నాకు ఇది పుస్తకంలో ఎక్కలేదు. హాస్టల్లో ఒక సీనియర్ అన్న అన్నం కంచంతో చెప్పాడు. రాత్రి భోజనం అయ్యాక కంచం కడుక్కొచ్చి బోర్లించాడు. చీపురుపుల్ల ఒకటి తీసి కంచం మీద అడ్డంగా పెట్టాడు. పుల్ల అంచును రెండు చోట్ల దాటుతోంది. ఇది ఛేదనరేఖ అన్నాడు. ఒక చోట బొటనవేలితో నొక్కిపట్టి, పుల్లను మెల్లగా తిప్పుతూ రెండో చుక్కను మొదటిదాని వైపు జరిపాడు. దగ్గరికి, ఇంకా దగ్గరికి. చివరికి పుల్ల అంచును ఆనుకుని బయటే నిలబడింది. ఇప్పుడు స్పర్శరేఖ. రెండో చుక్క ఎక్కడికి పోయిందిరా అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. వార్డెన్ గారు లైట్లు ఆర్పమని కేకేసేదాకా అలా చూస్తూనే ఉన్నాను.

అదే పని అంకెల్లో చేద్దాం. సంఖ్యకు దాని వర్గాన్ని ఎత్తుగా వేస్తే వచ్చేది పరావలయం. 3 దగ్గర ఎత్తు 9. పక్కనే 4 దగ్గర ఎత్తు 16. రెండింటినీ కలిపే ఛేదనరేఖ వాలు 7. రెండో చుక్కను 3.1కి తెస్తే ఎత్తు 9.61, వాలు 0.61 భాగించు 0.1, అంటే 6.1. 3.01కి తెస్తే వాలు 6.01. 3.001కి తెస్తే 6.001. ఎటు పోతోందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అటు ఎడమ నుంచి 2.9తో మొదలుపెట్టినా 5.9, తర్వాత 5.99, అక్కడికే వస్తోంది. ఇన్ని లెక్కలు చేయకుండా ఒకేసారి: 3 + ఇ యొక్క వర్గం 9 + 6ఇ + ఇ². 9 తీసేసి ఇ తో భాగిస్తే 6 + ఇ. ఇ ని వదిలేస్తే 6.

ఒక మాట చెప్పాలి. ఫెర్మా అచ్చంగా ఇలా రాయలేదు. వాలు అన్న మాట ఆయన లెక్కలో లేదు, ఇప్పటి గుర్తులూ లేవు. స్పర్శరేఖ పోయి అక్షాన్ని ఎక్కడ కలుస్తుందో ఆయన వెతికాడు. అందుకోసం స్పర్శరేఖ మీదే కాస్త పక్కన ఇంకో బిందువు తీసుకుని, అది వక్రం మీదే ఉందన్నట్టుగా రమారమి సమానం చేశాడు. మన లెక్కలో చూడండి: 3 దగ్గర ఎత్తు 9, వాలు 6, కాబట్టి ఆ రేఖ 1.5 దగ్గర నేలను తాకుతుంది. ఆయన పట్టుకున్నది ఆ 1.5 లాంటి కొలతను. అది తెలిస్తే రెండు చుక్కలు దొరికినట్టే, స్కేలు పెట్టి గీసేయొచ్చు.

1637 చివర్లో ఈ పద్ధతి రాసిన కాగితాలు పారిస్‌లో మెర్సెన్ అనే మతగురువుకు చేరాయి. ఆ రోజుల్లో గణిత పత్రికలు లేవు. యూరపులోని పండితుల ఉత్తరాలన్నీ మెర్సెన్ ద్వారానే తిరిగేవి. ఆయన ఆ కాగితాలను దెకార్త్‌కు పంపాడు. అదే 1637లో దెకార్త్ తన జ్యామితి గ్రంథం ప్రచురించాడు. అందులో స్పర్శరేఖలకు సొంత పద్ధతి ఒకటుంది, దానిమీద ఆయనకు మహా గర్వం. పైగా దెకార్త్ కాంతి గురించి రాసిన గ్రంథంలో వాదన నిలవదని ఫెర్మా అంతకుముందే మెర్సెన్‌కు రాసి ఉన్నాడు. ఇంకేముంది, నిప్పు అంటుకుంది.

దెకార్త్ ఫెర్మా పద్ధతిని తప్పుపట్టాడు. అది పరావలయానికి అదృష్టం కొద్దీ కుదిరిందే తప్ప అన్నింటికీ పనిచేయదన్నాడు. నిజానికి దాన్ని తాను సరిగ్గా అన్వయించకుండానే తప్పని తేల్చాడు. పారిస్‌లో రోబెర్వాల్, ఎతియెన్ పాస్కల్ ఫెర్మా పక్షాన నిలబడ్డారు. ఎతియెన్ అంటే మనం భౌతికశాస్త్రంలో చదివే పాస్కల్ గారి తండ్రి. దెకార్త్ ఒక కొత్త వక్రం ఇచ్చి, దీనికి గీయమను చూద్దాం అని సవాలు విసిరాడు. రెండు సంఖ్యల ఘనాల మొత్తం, వాటి లబ్ధానికి అనుపాతంలో ఉండే వక్రమది. గీస్తే ఆకు ఆకారంలో మడతపడుతుంది. ఈనాటికీ దాన్ని దెకార్త్ పత్రం అంటారు. దెకార్త్ సొంత పద్ధతిలో దాన్ని చేయడం మహా తిప్పలు. ఫెర్మా పద్ధతికి అది మామూలు లెక్క. సాధించి పంపాడు. 1638 వేసవికి దెకార్త్ తగ్గాడు. ముందే ఇలా వివరించి ఉంటే నేను కాదనేవాణ్ణి కాదు అన్న ధోరణిలో ఉత్తరం రాశాడు. మనసులో కోపం మాత్రం పోలేదంటారు.

నాకు విచిత్రంగా తోచేది ఏమిటంటే, దెకార్త్ చేసిందీ లోలోపల అదే పని. ఆయన వక్రాన్ని రెండు చోట్ల కోసే వృత్తం తీసుకుని, ఆ రెండు బిందువులు ఒకటైపోయేలా చేసి, అక్కడినుంచి అభిలంబరేఖను పట్టాడు. ఒకరు గీతతో, ఒకరు వృత్తంతో. రెండు చుక్కలు ఒకటి కావడమన్నది ఇద్దరికీ ఒకటే. అన్న చేతిలో చీపురుపుల్ల కూడా అదే. దానికోసం అంత తగువులాడుకున్నారు.

ఫెర్మా మిగతా పనుల గురించి క్లుప్తంగా చెబుతాను. 1654లో పాస్కల్‌తో జూదపు పందెం పంచుకోవడం గురించి రాసుకున్న ఉత్తరాలే సంభావ్యతా శాస్త్రానికి పునాది. డయోఫాంటస్ పుస్తకం అంచున రాసుకున్న చివరి సిద్ధాంతం సంగతి మీరు వినే ఉంటారు. అది 1994లో ఆండ్రూ వైల్స్ సాధించేదాకా తేలలేదు. ఆయన ప్రతిసారీ గెలవలేదు కూడా. ఒక రకం సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని గట్టిగా నమ్మితే, వాటిలో ఒకటి 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు.

ఒక్కటి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అది దెకార్త్‌తో పాత తగువుకు ముగింపు. నీళ్ళ గ్లాసులో పెట్టిన పెన్సిలు వంగినట్టు కనిపిస్తుంది కదా. కాంతి గాలిలోంచి నీటిలోకి వెళ్ళేటప్పుడు ఎందుకు వంగుతుంది? కాంతి తక్కువ కాలం పట్టే దారినే పోతుందని ఫెర్మా అనుకున్నాడు. కనిష్ఠం అనగానే పాత ఇ ని మళ్ళీ బయటికి తీశాడు. 1662 నాటికి లెక్క తేలింది. వచ్చిన జవాబు చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. తాను ఒప్పుకోని దెకార్త్ ఇచ్చిన నియమమే వచ్చింది! తేడా కారణంలో ఉంది. దట్టమైన మాధ్యమంలో కాంతి వేగం ఎక్కువని దెకార్త్, తక్కువని ఫెర్మా. తర్వాతి కాలంలో కొలిచినప్పుడు ఫెర్మా అన్నదే నిజమైంది. అప్పటికి పన్నెండేళ్ళ కిందటే, 1650లో, దెకార్త్ చనిపోయాడు. అవునని గానీ కాదని గానీ అనడానికి ఆయన లేడు.

1650లలో తులూజ్ ప్రాంతంలో ప్లేగు వచ్చింది. ఫెర్మా చనిపోయాడని వార్త కూడా పాకింది. అది తప్పని తర్వాత తెలిసింది. కోలుకున్నాడు కానీ ఆరోగ్యం మునుపటిలా లేదు. కోర్టు పని మీద కాస్త్ర్ పట్టణంలో ఉండగా 1665 జనవరి 12న చనిపోయాడు.

ఆయన దగ్గర ఏ గ్రంథమూ సిద్ధంగా లేదు. ఉన్నవి ఊరూరా చెల్లాచెదరైన ఉత్తరాలు, పుస్తకాల అంచుల మీద రాతలు. పెద్దకొడుకు క్లెమాఁ సామ్యూల్ వాటిని పోగుచేశాడు. తండ్రి అంచు రాతలతో డయోఫాంటస్ పుస్తకాన్ని 1670లో, మిగతా రచనలను 1679లో అచ్చువేయించాడు. ఆ కొడుకు పట్టుదలే లేకపోతే స్పర్శరేఖల పద్ధతి ఎవరి ఖాతాలో పడేదో. స్పర్శరేఖలూ, వక్రాల కింద వైశాల్యాలూ రెండూ ఫెర్మాకు వచ్చు. కానీ ఒకటి రెండోదానికి విలోమమని ఆయన సాధారణ సూత్రంగా చెప్పలేదు. అది చేసినవాళ్ళు న్యూటన్, లైబ్నిట్జ్. కలనగణితం కనిపెట్టినవాళ్ళుగా వాళ్ళ పేర్లే చెప్పుకోవడానికి కారణం అదే, అందులో అన్యాయమేమీ లేదు.

ఇక నా పాత డౌటు. భాగించేటప్పుడు సున్నా కాని ఇ, తర్వాత సున్నా ఎలా అయింది? ఫెర్మా దీనికి సరైన జవాబు చెప్పలేదు. న్యూటన్, లైబ్నిట్జ్ చెప్పినదీ పూర్తిగా నిలవలేదు. 1734లో బర్క్‌లీ అనే ఐర్లండు మతగురువు సరిగ్గా ఈ ప్రశ్నే అడిగి ఒక పుస్తకమే రాశాడు. నేను అడిగి కూర్చున్న ప్రశ్న అది! యూరపు పండితులు దానికి తడుముకున్నారు. 1754లో దలాంబేర్, స్పర్శరేఖ అంటే ఛేదనరేఖల అవధి అని చెప్పాడు. 1821లో కోషీ అవధికి గట్టి పునాది వేయడం మొదలుపెట్టాడు, తర్వాత వైర్‌స్ట్రాస్ దాన్ని బిగించాడు. వాళ్ళ జవాబు ఇది: ఇ ని మనం ఎప్పుడూ సున్నా చేయడం లేదు. 6 + ఇ అన్నది 6కు ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా తేగలమా లేదా అన్నదే ప్రశ్న. వందో వంతు లోపల కావాలా, ఇ ని వందో వంతు కంటే చిన్నది తీసుకో. లక్షో వంతా, ఇంకా చిన్నది తీసుకో. ఎవరు ఎంత అడిగినా ఇవ్వగలిగితే, 6 దాని అవధి. అన్న అడిగిన రెండో చుక్క ఎక్కడికీ పోలేదు, మొదటిదాని మీద కూర్చోనూ లేదు. ఎంత దగ్గరికి రమ్మంటే అంత దగ్గరికి వస్తుంది, అంతే. ఫెర్మా ఇ రాసిన రోజు నుంచి ఈ జవాబు రావడానికి దాదాపు 200 ఏళ్ళు పట్టింది. ఈ సంగతి నేను డిగ్రీ అయ్యాక ఒక లైబ్రరీలో చదివాను. చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

న్యూటన్ తన పద్ధతికి సూచన ఎక్కడ దొరికిందో చాలాకాలం ఎవరికీ తెలియదు. ఫెర్మా స్పర్శరేఖలు గీసే తీరు నుంచే తనకు ఆ సూచన దొరికిందని న్యూటన్ స్వహస్తాలతో రాసిన ఒక ఉత్తరం 1934లో బయటపడింది. అప్పటికి తులూజ్ జడ్జి గారు పోయి 269 ఏళ్ళు.